మైపాడులో నిలవని సిగ్నల్

"వైఫై సరిగా రావడం లేదు" అన్నాడు చీఫ్ విజయభాస్కర్.

నెల్లూరు ట్రంకు రోడ్డు మీద రొయ్యల మేత అమ్మే దుకాణం ఒకటుంది. దాని మేడమీద, బస్తాల వాసన కొట్టే చిన్న గదిలో ఆయన ఆఫీసు. బయట బోర్డు మీద ఆక్వా కన్సల్టెన్సీ అని రాసి ఉంటుంది. లోపల జరిగే పనేమిటో కింద దుకాణం యజమానికి కూడా తెలియదు.

డెబోరా తన ఫోన్ తీసి చూసింది. సిగ్నల్ బాగానే ఉంది.

"ఇక్కడ కాదు. మైపాడులో. జకరయ్య గారింట్లో."

జకరయ్య ఒక ప్రైవేటు కంపెనీలో సీనియర్ ఇంజనీరు. తీరం పొడవునా సముద్రాన్ని కనిపెట్టుకుని ఉండే రాడార్లకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీ అది. వెన్నెముక ఆపరేషన్ అయ్యాక ఆయన్ను ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. ఒకటే షరతు. ఆ ఇంటి నెట్ కనెక్షన్ నుంచి తప్ప మరెక్కడి నుంచీ ఆయన రాడార్ల జోలికి పోలేడు. కొంతకాలంగా సాయంత్రమైతే చాలు, ఆ ఇంట్లో నెట్ పోతోంది, వస్తోంది, మళ్ళీ పోతోంది. ఆయన కంప్లయింటు మీద కంప్లయింటు పెట్టాడు. మనుషులు వచ్చారు, రౌటర్ మార్చారు, వెళ్ళారు. గుణం కనిపించలేదు.

"అది రిపేరు కాదు డెబోరా. ఎవరో కావాలని తెంచతా ఉండారు" అన్నాడు చీఫ్. "నెట్ పోతాది. లాప్‌టాప్ మళ్ళీ వెతుక్కుంటాది. అదే పేరుతో పక్కనే ఒక దొంగ నెట్‌వర్క్ ఉంటే దానికి తగులుకుంటాది. ఆయన పాస్‌వర్డులన్నీ ఈపాటికి వాళ్ళ చేతికి పోయుంటాయి."

"ఎవరు వాళ్ళు?"

"బారకుడా."

ఆ పేరు విన్నాక డెబోరా ఇక ఫోన్ వంక చూడలేదు. ఏ దేశానికీ చెందని, ఏ దేశానికైనా పనిచేసే ముఠా అది. సముద్రం మీద ఏం చేరవేయాలన్నా దానికి ఒక ధర ఉంటుంది.

చీఫ్ గోడమీది మ్యాపు చూపించాడు. ఇందుకూరుపేట నుంచి పులికాట్ దాకా రాడార్లు ఒక్క రాత్రి గుడ్డివైతే చాలు. ఒక ఓడ దూరంగా నిలబడి ఉంది. దాంట్లో ఉన్న సరుకు ఒడ్డుకు చేరితే, ఆ తర్వాత అది ఏ ఊరి రైల్వే స్టేషన్లో పేలుతుందో ఎవరూ చెప్పలేరు.

"నా పని?"

"టెక్నీషియన్‌గా పో. నెట్ తెంచే ఆ యంత్రం యాడుందో కనిపెట్టు. దాన్ని ముట్టుకోవద్దు. ఆ ఇంటి నెట్‌లో ఒక్క సెట్టింగు కూడా మార్చొద్దు. మార్చినావంటే వాళ్ళు పసిగడతారు. మనకు కావలసింది యంత్రం కాదు, దాన్ని పెట్టినోళ్ళు."

బీచ్ దగ్గర ఐస్ వ్యాన్‌లో క్రీస్తురాజు కూర్చుని, ఆ ఇంటి వైఫైని కనిపెట్టుకుని ఉంటాడట. ఇంట్లో కూడా మనిషి ఉంది. మేడమీద అద్దెగదిలో, డ్రెస్ డిజైనర్ వేషంలో, రోజారమణి. ఆమెకు వ్యాన్ సంగతి చెప్పలేదనీ, ఒకరికి తెలిసింది మరొకరికి తెలియకపోవడమే అందరికీ మంచిదనీ చీఫ్ అన్నాడు.

రోజారమణి పేరు వినగానే డెబోరా మనసు తేలికపడింది. హైదరాబాదు ట్రైనింగులో తనకు నడక దగ్గర్నుంచి తుపాకి దాకా నేర్పింది ఆమే. వాకాడు దగ్గర పుట్టిన మనిషి. అందరికీ మేడమ్, డెబోరాకు మాత్రం రోజక్క.

*

మైపాడు రోడ్డు పొడవునా రొయ్యల గుంటలు. ఏరేటర్లు నీళ్ళను చిలుకుతున్నాయి. డెబోరా నీలం చొక్కా, టోపీ, భుజాన టూల్ బ్యాగుతో స్కూటర్ మీద వచ్చింది. బ్యాగులో కేబుల్ టెస్టర్‌లా కనిపించే పరికరం ఒకటుంది. గాలిలో తిరిగే సిగ్నల్ ఎటునుంచి వస్తోందో అది ముల్లుతో చూపిస్తుంది. చేతి గడియారం పక్కనున్న చిన్న మీట నొక్కితే తీర పోలీసులకు తానున్న చోటు తెలుస్తుంది.

సరుగుడు తోపు ఇవతల జకరయ్య ఇల్లు. దొంగల భయానికి ఆయన ప్రతి కిటికీకీ ఇనుప గ్రిల్ పెట్టించాడు. వరండాకు మడతలు పడే ఇనుప గేటు. లోపలికి అడుగుపెట్టి వెనక్కి చూస్తే సముద్రం కూడా ఊచల మధ్యనుంచే కనిపించింది.

జకరయ్య భార్య పుష్పకుమారి ఎదురొచ్చింది. "వందనాలమ్మా. ఈసారైనా ఆడపిల్లను పంపినారు. ముందొచ్చినోళ్ళంతా డబ్బా ఆపినారు, మళ్ళీ ఏసినారు, కాఫీ తాగి పోయినారు."

హాల్లో రౌటర్ ఫ్రిజ్‌కూ స్టీలు బీరువాకూ మధ్య ఉంది. దుమ్ము పడకుండా దాని మీద కుట్టుపని చేసిన తెల్లగుడ్డ కప్పి ఉంది. ఇనుము మధ్య పెడితే సిగ్నల్ ఎలా వస్తుందని అడగబోయి డెబోరా ఊరుకుంది. నడుముకు బెల్టు కట్టుకుని కుర్చీలో కూర్చున్న జకరయ్య తన కష్టమంతా చెప్పాడు. సాయంత్రం ఆరింటికి రాడార్లకు కొత్త సాఫ్ట్‌వేర్ పంపాలట. లైన్ పోతే కంపెనీ ముందు మళ్ళీ తల దించుకోవాలట.

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. సముద్రపు రంగు చీర, మెడదాకా కత్తిరించిన జుట్టు, నల్ల కళ్ళద్దాలు. వయసు ఆమెను దాటుకుని పోయిందేగాని తాకినట్టు లేదు.

"మేడమీద గాలి బాగా వస్తాదా మేడమ్?" అని అడిగింది డెబోరా.

"గాలికేం, వస్తాది. ఉప్పే ఎక్కువ" అంది రోజారమణి.

కోడ్ సరిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు ఎరగనట్టు పక్కకు తప్పుకున్నారు.

*

డెబోరా టెస్టర్ పట్టుకుని ఇల్లంతా తిరిగింది. వంటింట్లో ముల్లు కదల్లేదు. పడకగదిలో కదల్లేదు. మెట్ల దగ్గర వణికింది. మేడమీదికి వెళ్ళేకొద్దీ కుడివైపుకు వాలింది. టెర్రస్ మీద సిగ్నల్ చూడాలని కిందికి కేకేసి చెప్పి, రోజారమణి గదిలోకి వెళ్ళింది. రోజక్క గదిలోనే ఎవరో యంత్రం దాచారేమో, ఆమెకు తెలియకుండా. అలా అనుకోవడం సులభంగా ఉంది.

అద్దం ముందు పౌడర్లు, సెంట్లు, ఒక హెయిర్ డ్రయ్యర్. ముల్లు దాని దగ్గర చివరిదాకా వెళ్ళి ఆగిపోయింది. డెబోరా చేతిలోకి తీసుకుంది. ఉండవలసిన దానికంటే బరువు.

"అది జుట్టు ఆరబెట్టదు" అంది వెనకనుంచి రోజారమణి.

ఆమె చేతిలో చిన్న పిస్తోలు ఉంది. కళ్ళద్దాలు తీసేసింది. కళ్ళు మాత్రం ట్రైనింగు రోజుల్లో ఉన్నట్టే, తప్పు చేసిన విద్యార్థిని చూసినట్టే ఉన్నాయి.

డెబోరాకు భయం వెంటనే రాలేదు. ముందు సిగ్గు వచ్చింది. ముల్లు చూపించింది నమ్మకుండా మనిషిని నమ్మినందుకు. తర్వాత కింద ఇనుప గేటు గరగరమని మూసుకుంది. తాళం పడిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. భయం అప్పుడు వచ్చింది.

గేటు మూసినవాడు బారకుడా మనిషి హ్యూగో. ఊళ్ళో వాళ్ళకు అతను రొయ్యలు కొనే ఎగుమతి కంపెనీ మనిషి. చేతిలో ఎప్పుడూ ఐస్ పెట్టె. ఆ పెట్టెలో పైన రొయ్యలు, కింద మిషన్ గన్.

హాల్లో రోజారమణి డెబోరా ఒంటి మీదున్న పరికరాలన్నీ తీసేసింది. వెతకలేదు. ఎక్కడేముందో ఆమెకు తెలుసు. చెవి రింగులోని మైకు, పెన్నులోని సూది, బూటు మడమలోని బ్లేడు వరసగా టేబుల్ మీదికి వచ్చాయి. చివరగా గడియారం విప్పి, పారేయకుండా, తన మణికట్టుకే పెట్టుకుంది.

తనకు తెలిసిన ప్రతి ఉపాయమూ ఈమె నేర్పిందే. డెబోరా ఆలోచన ఏ వైపు పోయినా అక్కడ ముందే రోజక్క నిలబడి ఉంది.

జకరయ్యనూ పుష్పకుమారినీ పక్కపక్కన కూర్చోబెట్టారు. తాము కొట్టేసిన పాస్‌వర్డులు సరైనవేనా, ఇంకేమైనా కావాలా అని హ్యూగో ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగాడు. తుపాకి పుష్పకుమారి వైపు తిరిగాక జకరయ్య నోరు విప్పాడు. పాస్‌వర్డులు సరైనవే. సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఎక్కాక చివర్లో ఒక డిజిటల్ సంతకం వెళ్తుంది. సంతకం వెళ్ళే ఆ కొద్దిసేపు లైన్ తెగకూడదు. తెగితే ఎవరో చొరబడ్డారని సిస్టమ్ అనుకుంటుంది. ఖాతాకు తాళం పడుతుంది. హెడ్డాఫీసు మనుషులు వచ్చి తీసేదాకా ఎవరూ ఏమీ చేయలేరు.

రోజారమణి తల ఊపింది. ఆమెకు కావలసింది దొరికింది. మేడమీదికి వెళ్ళి హెయిర్ డ్రయ్యర్ ఆపేసి వచ్చింది. ఇక నెట్‌ను తెంచేవాళ్ళు లేరు.

జకరయ్య లాప్‌టాప్ తెరిచి, రాడార్లను గుడ్డివి చేసే ముఠా సాఫ్ట్‌వేర్‌తో ఒక టెస్టు మొదలుపెట్టింది.

నెట్ పోయింది.

హ్యూగో ఆమె వంక చూశాడు. ఆమె పైకి వెళ్ళి డ్రయ్యర్‌ను ప్లగ్గులోంచే లాగేసి వచ్చింది. నెట్ వచ్చింది. టెస్టు మళ్ళీ మొదలైంది. సగంలో మళ్ళీ పోయింది.

ఇన్ని వారాలూ పోయిన ప్రతిసారీ అది తమ యంత్రం పనే అనుకున్నారు వాళ్ళు. నిజంగానే ఆ ఇంటి నెట్‌కు ఏదో రోగం ఉందని ముఠాలో ఎవరికీ తట్టలేదు.

రోజారమణి నవ్వింది. సంతోషంతో కాదు. టూల్ బ్యాగు డెబోరా కాళ్ళ దగ్గరికి తన్నింది.

"టెక్నీషియన్ అని వచ్చినావు గదా. చెయ్యి."

*

వేరే దారి వాళ్ళకూ లేదు. ఫోన్ హాట్‌స్పాట్ పనికిరాదు, కంపెనీ ఈ ఇంటి లైన్‌ను తప్ప ఒప్పుకోదు. కేబుల్ నేరుగా గుచ్చుదామంటే భద్రత కోసం లాప్‌టాప్ కంతలన్నిటికీ కంపెనీ సీలు వేసి ఉంచింది. ఎవరికి ఎవరు బందీలో ఒక్క క్షణం డెబోరాకు అర్థం కాలేదు. ఆ తర్వాత హ్యూగో తుపాకి మడమతో ఆమె భుజాన్ని పొడిచాడు, అర్థమైంది.

గుడ్డ కొంచెం ఎత్తి రౌటర్ చూసింది. ముందు వరసలో ఒక లైటు ఎర్రగా వెలిగి, ఆరి, పచ్చగా మారింది. వైఫై తప్పు కాదది. బయటినుంచి వచ్చే ఫైబర్ తీగలోనే ఏదో ఉంది. డెబోరా గుడ్డను మళ్ళీ వదిలేసింది. ఆ ఎర్ర లైటు తప్ప తన దగ్గర దాచుకోదగ్గది ఇంకేదీ లేదు.

ముందుగా అందరూ చేసేదే చేసింది. డబ్బా ఆపి, వేసింది. పుష్పకుమారి నిట్టూర్చింది. తర్వాత లాప్‌టాప్‌ను రౌటర్ పక్కకు జరిపించింది. ఇనుప బీరువా వల్ల సిగ్నల్ చెదురుతుందని చెప్పి బీరువాను జరపమంది. హ్యూగో తుపాకి చంకలో పెట్టుకుని బీరువా నెట్టాడు. నెట్ వచ్చింది, పోయింది.

"చానల్ మార్చాల" అంది డెబోరా. "పక్క గుంటల దగ్గర సీసీ కెమెరాలుండాయి. అవన్నీ ఇదే చానల్ మీద పడి తొక్కుకుంటా ఉండాయి."

అబద్ధం కాదు, అవసరమూ కాదు. రోజారమణి ప్రతి నొక్కునూ భుజం మీదుగా చూస్తోంది. డెబోరా ఒకటో చానల్‌కు మార్చింది. ఆరుకు మార్చింది. పదకొండుకు మార్చింది.

ఒక్క సెట్టింగు కూడా మార్చవద్దు అన్నాడు చీఫ్. ఆ మాట రోజారమణికి తెలియదు. బీచ్ దగ్గర వ్యాన్‌లో కూర్చున్న క్రీస్తురాజుకు తెలుసు. చానల్ కదిలితే అతని స్క్రీన్ మీద కనబడాలి. కనబడితే అతనికి అనుమానం రావాలి. అతను స్క్రీన్ వంక చూస్తూ ఉండాలి. డెబోరా ఇన్ని 'ఉండాలి'ల మీద ఆధారపడి ఎప్పుడూ పనిచేయలేదు.

ఎవరూ రాలేదు. ఊచల అవతల ఎండ పసుపు రంగుకు తిరిగింది.

"పేరు కూడా మార్చాల. రెండు బ్యాండ్లకూ ఒకటే పేరుంటే లాప్‌టాప్ అటూ ఇటూ దూకతా ఉంటాది."

రోజారమణి ఆమె చేతిని పట్టుకుంది. "పేరు నేను చెప్తా. నువ్వు పేరులో ఏదో ఒక మాట ఇరికిస్తావు. నేను నేర్పిందే గదా అది." ఆమె చెప్పిన అర్థం లేని అక్షరాలే డెబోరా టైపు చేసింది. ఏం పేరైనా ఒకటే, మారడమే ముఖ్యం. పాత పేరు గాలిలోంచి మాయమైంది.

అయినా ఎవరూ రాలేదు. లైన్ ఇంకోసారి తెగింది.

రోజారమణి రౌటర్ మీది గుడ్డను పూర్తిగా లాగేసింది. ఎర్ర లైటు.

"ఎప్పటి నుంచి దాస్తా ఉండావు?"

హ్యూగో జకరయ్య వెనక్కి వెళ్ళి నడుము బెల్టు పట్టుకుని కుర్చీలోంచి పైకి లేపాడు. ఆపరేషనైన వెన్ను. జకరయ్య అరవలేదు, ముఖం బూడిద రంగుకు మారింది. పుష్పకుమారి రెండు చేతులూ జోడించి, హ్యూగో వైపు కాదు, డెబోరా వైపు చూసింది.

"వదలమని చెప్పక్కా" అంది డెబోరా. "బాగుచేస్తా."

*

తీగను వేళ్ళతో పట్టుకుని గోడ వెంబడి వెళ్ళింది. ఎవరో బద్ధకస్తుడు గోడకు కంత వేయకుండా, తూర్పు కిటికీలోంచే తీగను లోపలికి లాగాడు. చెక్క రెక్కకూ చట్రానికీ మధ్య. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి మొదలవుతుంది. గాలికి రెక్క వచ్చి తీగను నొక్కుతుంది. తీగ లోపలున్నది సన్నటి గాజు పోగు. వంగితే వెలుగు ఆగిపోతుంది. గాలి తగ్గగానే రెక్క వెనక్కి పోతుంది, నెట్ వస్తుంది. ఇన్ని కంప్లయింట్లూ, ఇన్ని కాఫీలూ, ఒక కొక్కెం తగిలించకపోవడం వల్ల.

ఆమె రెక్కను బార్లా తెరిచి, తుప్పు పట్టిన కొక్కెం తగిలించింది. రౌటర్‌లో ఎర్ర లైటు ఆరిపోయి, పచ్చగా నిలబడింది. రోజారమణి టెస్టు నడిపింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. హ్యూగో మొదటిసారి కూర్చున్నాడు.

డెబోరా కిటికీ దగ్గరే నిలబడి, బ్యాగు సర్దుకుంటున్న టెక్నీషియన్లు ఇంటివాళ్ళకు చెప్పినట్టే చెప్పింది.

"అమ్మా, ఈ కొక్కెం తీయొద్దు. ఈ రెక్క మూసినారంటే తీగ నలిగిపోతాది. గట్టిగా పడిందంటే లోపల గాజు విరిగిపోతాది, మళ్ళీ అతకాలంటే మిషన్ రావాల. దోమలు కుట్టినా సరే, రెక్క మూయొద్దు."

పుష్పకుమారి ఆమె ముఖంలోకి చూసి, సరేనమ్మా అంది. రోజారమణి లాప్‌టాప్ మీంచి తలెత్తలేదు.

తర్వాత రోజారమణి బ్యాగులోని ప్లాస్టిక్ ట్యాగులు తీసి, డెబోరాను కిటికీకి దూరంగా ఒక కుర్చీకి కట్టేసింది. మణికట్లు కోసుకుపోయేంత బిగువుగా. జకరయ్య చేతులు కూడా కట్టింది. పుష్పకుమారిని కట్టలేదు. కిటికీ కింద నేల మీద కూర్చోమంది, అంతే. ఆమె వల్ల ఏమవుతుందిలే అనుకుంది.

అప్‌లోడ్ మొదలైంది. స్క్రీన్ మీద పచ్చటి గీత మెల్లగా పాకుతోంది. గదిలో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకేదీ లేదు. డెబోరా ట్యాగులను లాగి చూసింది. అవి ఇంకా బిగుసుకున్నాయి. అలా బిగుసుకుంటాయని కూడా రోజక్కే చెప్పింది, ఎప్పుడో.

"ఎందుకక్కా?" అని అడిగింది.

రోజారమణి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎన్నిళ్ళల్లో ఉన్నానో నాకే తెలీదు డెబోరా. ఒకచోట టీచరమ్మను, ఒకచోట విధవను, ఇక్కడ డిజైనర్ను. మా అమ్మ చనిపోతే వాకాడుకు పోనీలేదు, వేషం చెడిపోతాదని. ఇంక చాలు సార్ అని విజయభాస్కర్‌ను అడిగినా. నీ అంత బాగా చేసేవాళ్ళు లేరన్నాడు. మెచ్చుకున్నాడనుకున్నా. అది తాళం." ఆమె పచ్చగీత వైపు చూసింది. "వీళ్ళు ఒక్క పని అడిగినారు. ఆ తర్వాత నాకొక పేరు ఇస్తామన్నారు. మళ్ళీ మార్చక్కర్లేని పేరు."

ఆమె చెప్పింది అబద్ధం కాదు. గత క్రిస్మస్‌కు డెబోరా కూడా ఇంటికి పోలేదు.

"ఓడలో ఏముందో తెలుసా?" అని మాత్రం అడిగింది.

"అడగలేదు" అంది రోజారమణి.

జకరయ్య గొంతు సవరించుకున్నాడు. గీత చివరికి వచ్చింది. స్క్రీన్ మీద అక్షరాలు మారాయి. డిజిటల్ సంతకం వెళ్తోంది. హ్యూగో లేచి స్క్రీన్ మీదికి వంగాడు. రోజారమణి కూడా తల తిప్పింది.

"దోమలు కుడతా ఉండాయి" అంది డెబోరా.

పుష్పకుమారి లేచింది. తొందరపడలేదు. ఏదో ఇంటిపని చేస్తున్నట్టే కొక్కెం తీసింది. రెండు చేతులతో రెక్క పట్టుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరికొట్టింది.

తీగలో ఏదో చిట్లింది. రౌటర్ మీద ఎర్ర లైటు వెలిగింది. రోజారమణి ఒక్క గెంతున వచ్చి రెక్క లాగి తెరిచింది. లైటు ఎర్రగానే ఉంది.

లాప్‌టాప్ స్క్రీన్ మీద ఒక పెద్ద తాళం బొమ్మ వచ్చి నిలబడింది. పంపిన సాఫ్ట్‌వేర్ రద్దయింది. రాడార్లు పాత కళ్ళతోనే సముద్రాన్ని చూస్తున్నాయి.

హ్యూగో తుపాకి పుష్పకుమారి గుండెల మీదికి తిరిగింది. ఆమె కిటికీకి వీపు ఆనించి కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి.

అప్పుడు బయట ఇనుప గేటును ఎవరో దబదబ బాదారు.

*

"ఇంట్లో ఎవరండీ?" చిరాకు నిండిన మగ గొంతు.

చప్పుడు చేయవద్దని రోజారమణి హ్యూగోకు సైగ చేసింది. పిస్తోలు చీర మడతల్లోకి వెళ్ళింది. ముఖం మీదికి డిజైనర్ నవ్వు వచ్చింది. క్షణంలో మారిపోయిన ఆ ముఖాన్ని చూస్తే డెబోరాకు, అంత కోపంలోనూ, మనసులో ఏదో కలుక్కుమంది.

రోజారమణి వరండాలోకి వెళ్ళి, ఇంట్లోవాళ్ళు లేరని చెప్పింది. ఊచల అవతల లుంగీ, బనియన్, ఐస్ వ్యాన్ మనిషి క్రీస్తురాజు. అతని చూపు ఆమె ముఖం మీద నిలవలేదు. ఊచ మీద ఆనిన ఆమె చేతి మీద నిలిచింది. ఆ గడియారం డెబోరాకు ఇస్తూ నెల్లూరు ఆఫీసులో సంతకం పెట్టించుకుంది అతనే.

ఊచల మధ్యనుంచి చేయి దూర్చి ఆ మణికట్టు పట్టుకున్నాడు. బొటనవేలితో మీట నొక్కి, అలాగే నొక్కిపట్టాడు. ఆమె గింజుకుంది, చీర మడతల్లోని పిస్తోలు రెండో చేతికి అందలేదు. చేయి ఇవతలికి రాలేదు.

హ్యూగో తుపాకి ఎత్తి వరండా వైపు పరుగెత్తబోయాడు. డెబోరా కుర్చీతో సహా ముందుకు వాలి, అతని మోకాళ్ళకు అడ్డంగా పడింది. అతను ఐస్ పెట్టె మీద పడ్డాడు. రొయ్యలు, ఐసు, నీళ్ళు హాలంతా పరుచుకున్నాయి. లేవబోయాడు, జారాడు. తుపాకి జారుకుంటూ పోయి జకరయ్య కాళ్ళ దగ్గర ఆగింది. డాక్టరు వంగవద్దన్న మనిషి వంగలేదు. చేతులు కట్టేసి ఉన్నా, కుర్చీలోంచి నేరుగా హ్యూగో వీపు మీదికి కూలబడ్డాడు. పుష్పకుమారి బీరువా పక్కనున్న ఇస్త్రీపెట్టె తీసుకొచ్చి, హ్యూగో తల దగ్గర ఎత్తి పట్టుకుని నిలబడింది. కదిలితే వేస్తానని చెప్పింది. అతనికి తెలుగు రాకపోయినా అర్థమైంది.

తీర పోలీసుల జీపు వచ్చేసరికి సముద్రం మీద ఇంకా వెలుగుంది.

రోజారమణిని తీసుకుపోయేటప్పుడు ఆమె డెబోరా ముందు ఆగింది. డెబోరా మణికట్ల నుంచి రక్తం కారుతోంది.

"కిటికీ సంగతి ఆమెకు నా ఎదురుగానే చెప్పినావు" అంది రోజారమణి. "అది నేను నేర్పలేదు."

"లేదక్కా" అంది డెబోరా. జీపు ఎక్కేటప్పుడు పోలీసు ఒకడు ఆమె పేరు అడిగాడు. రోజారమణి కొంచెంసేపు ఆలోచించి చెప్పవలసి వచ్చింది.

ఓడ రాడార్లలో కనబడుతూనే ఉందనీ, నౌకాదళం దాన్ని చుట్టుముట్టిందనీ చీఫ్ ఫోన్లో చెప్పాడు. శభాష్ డెబోరా, నీ అంత బాగా చేసేవాళ్ళు లేరు అని కూడా అన్నాడు. డెబోరా మైపాడు నుంచి నేరుగా ఇంటికి వెళ్తున్నాననీ, వారం దాకా తన కోసం ఎవరినీ పంపవద్దనీ చెప్పింది. అటువైపు చీఫ్ ఏదో అనబోయాడు. ఆమె ఫోన్ పెట్టేసింది.

పుష్పకుమారి హాల్లోంచి రొయ్యలు ఊడ్చి బయటపోసి, అందరికీ కాఫీ పెట్టింది. వరండాలో, తెరిచిన గేటు దగ్గర, డెబోరా క్రీస్తురాజు పక్కన కూర్చుంది. గాలి ముఖానికి కొడుతోంది. చానల్ మారగానే తన సైగ అర్థం చేసుకున్నందుకు అతనికి థాంక్స్ చెప్పింది. ఆ మెదడు లేకపోతే తామెవరూ ఉండేవాళ్ళం కాదంది.

క్రీస్తురాజు కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"సైగా ఏంది మేడమ్?" అన్నాడు. "నిఘా కోసమని ఈ ఇంటి పాస్‌వర్డు నాకిచ్చినారు. దాంట్లోనే ఫోన్లో మ్యాచ్ చూస్తా ఉండా. ఒకటే తెగడం. చివరి ఓవర్లో పేరే మాయమైపాయ. మళ్ళీ వస్తాదేమోనని చూసి చూసి ఒళ్ళు మండి, ఏందయ్యా మీ నెట్టు అని అడిగిపోదామని వచ్చినా."

డెబోరా అతని వంక చూసింది. నవ్వాలో కొట్టాలో తెలియలేదు.

"ఎవరు గెలిచినారన్నా?"

"నాకేం తెలుసు మేడమ్," అన్నాడు క్రీస్తురాజు బాధగా, "కనెక్షన్ కట్ చేసింది మీరే గదా."